టొరంటోనా, మాంట్రియలా? రెండు నగరాల వెనుక రెండు వ్యవస్థలు

కెనడాకు వెళ్లాలని నిర్ణయించుకున్నవారిలో చాలామంది ఆ తర్వాతి ప్రశ్న దగ్గర చిక్కుకుపోతారు. దేశం ఖాయమైంది, మరి ఊరేది? ఉద్యోగాల గురించి ఆలోచించేవారికి టొరంటో పేరు ముందుగా తడుతుంది. అక్కడి అద్దెలు చూసి గుండె జారినవారికి ఎవరో ఒకరు మాంట్రియల్ గురించి చెబుతారు. అప్పుడు ఒక కాగితం తీసుకుని, నడిమికి గీత గీసి, ఎడమవైపు ఒక ఊరినీ కుడివైపు ఇంకో ఊరినీ పెట్టి, అద్దె, జీతం, పన్ను, చలి, బస్సు పాస్ అంటూ ఒక్కో వరుసా నింపుతారు. ఆ కాగితంలోని అంకెలన్నీ సరైనవే కావచ్చు. అయినా దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోవడం ప్రమాదకరమని నేను గట్టిగా భావిస్తున్నాను, ఎందుకంటే ఆ అంకెలు దేని మీద నిలబడి ఉన్నాయో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

అవి నిలబడింది రాష్ట్రాల మీద. కెనడాలో బడి, ఆసుపత్రి, అద్దె చట్టం, వృత్తి అనుమతులు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. టొరంటో ఒంటారియోలో ఉంది, మాంట్రియల్ క్యూబెక్‌లో ఉంది. క్యూబెక్ మిగిలిన రాష్ట్రాల మాదిరిది కాదు. అక్కడ అధికార భాష ఫ్రెంచ్ ఒక్కటే. వ్యక్తిగత ఆదాయపు పన్నును ఆ రాష్ట్రం తానే వసూలు చేసుకుంటుంది, పింఛను పథకాన్ని తానే నడుపుకుంటుంది, ఆర్థిక వలసదారులను తానే ఎంపిక చేసుకుంటుంది, ఆస్తి, ఒప్పందాలు, కుటుంబం వంటి విషయాల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన న్యాయ సంప్రదాయానికి బదులు ఫ్రెంచ్ సంప్రదాయం నుంచి పుట్టిన సివిల్ కోడ్‌ను పాటిస్తుంది. ఈ రెండు నగరాల మధ్య దూరం సుమారు 540 కిలోమీటర్లు. ఆ దూరం దాటినప్పుడు డబ్బు, పాస్‌పోర్టు, నేర చట్టం మారవు. ఇంటి పత్రం నుంచి పిల్లల బడి దాకా మిగిలినవి చాలావరకు మారిపోతాయి.

ఒకప్పుడు ఈ పోలికలో మాంట్రియల్‌దే పైచేయి. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం కెనడా ఆర్థిక రాజధాని అదే. 1976 నవంబరులో క్యూబెక్‌ను ప్రత్యేక దేశం చేయాలన్న పార్టీ అధికారంలోకి వచ్చింది. 1977 ఆగస్టులో ఫ్రెంచ్ భాషా చార్టర్, అంటే నేటికీ అందరూ బిల్ 101 అని పిలిచే చట్టం, అమల్లోకి వచ్చింది. టొరంటో ఎదుగుదల అప్పటికే మొదలైనా, ఈ రెండు ఘటనల తర్వాత ఆంగ్లంలో నడిచే పెద్ద సంస్థల తరలింపు వేగం పుంజుకుంది. సన్ లైఫ్ బీమా సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని టొరంటోకు మారుస్తున్నట్లు 1978 జనవరిలో ప్రకటించింది. బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ పేరులోనూ చట్టబద్ధమైన చిరునామాలోనూ మాంట్రియల్ ఇంకా ఉంది గానీ, దాన్ని నడిపించే యంత్రాంగం టొరంటోలోనే ఉంటుంది. 2021 జనాభా లెక్కల నాటికి టొరంటో మహానగర ప్రాంతంలో 62 లక్షల మంది, మాంట్రియల్ ప్రాంతంలో దాదాపు 43 లక్షల మంది ఉన్నారు. టొరంటో ప్రాంతంలో 46.6 శాతం మంది వేరే దేశాల నుంచి వచ్చి స్థిరపడినవారు. మాంట్రియల్‌లో ఆ వాటా దాదాపు నాలుగో వంతు. మాంట్రియల్‌లో ఇళ్లు చాలాకాలం చవకగా దొరకడానికి ఈ చరిత్ర కూడా ఒక కారణం. చవకదనం వెనుక భాష ఉంది. ఆ భాష ఖరీదును లెక్కలో వేసుకోకుండా అద్దెను మాత్రమే పోల్చడం సగం లెక్క.

ఏ తలుపు గుండా లోపలికి?

నన్నడిగితే మొదట చూడవలసింది జీతమూ కాదు, అద్దె కూడా కాదు. శాశ్వత నివాసం, అంటే పీఆర్, ఏ ప్రభుత్వం ఎంపికతో వస్తుందన్నది మొదటి ప్రశ్న. 1991 ఫిబ్రవరిలో కెనడా, క్యూబెక్ ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం, తన రాష్ట్రంలో స్థిరపడే ఆర్థిక వలసదారులను ఎంచుకునే అధికారం క్యూబెక్‌దే. అందువల్ల ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వం 2015 నుంచి మార్కుల లెక్కన అభ్యర్థులను ఎంచుకుంటున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతి టొరంటోలో ఉండదలచినవారికి పనిచేస్తుంది గానీ, మాంట్రియల్‌లో ఉండదలచినవారికి వర్తించదు. మాంట్రియల్ కోరుకునేవారు అర్రిమా అనే క్యూబెక్ పోర్టల్‌లో ఆసక్తి నమోదు చేసుకుని, ఆహ్వానం అందితే దరఖాస్తు పెట్టి, ముందుగా ఆ రాష్ట్రం ఇచ్చే ఎంపిక పత్రం తెచ్చుకోవాలి. ఆరోగ్య, భద్రతా పరిశీలనలు చేసి పీఆర్ ఇచ్చేది ఆ తర్వాత ఫెడరల్ ప్రభుత్వం. అంటే రెండు ప్రభుత్వాలు, రెండు దరఖాస్తులు, రెండు రుసుములు, రెండు నిరీక్షణలు. చదువుకోవడానికి వెళ్లేవారికీ ఇదే వరస: క్యూబెక్‌లో చదవాలంటే స్టడీ పర్మిట్‌కు ముందే ఆ రాష్ట్రం ఇచ్చే అంగీకార పత్రం ఉండాలి.

ఈ నియమాలు తరచూ మారుతుంటాయి. ఇది రెండు వైపులా ఉన్న కష్టమే అయినా, క్యూబెక్‌లో దెబ్బ మరీ నేరుగా తగులుతుంది. అక్కడ చదివి, పనిచేసి, ఫ్రెంచ్ నేర్చుకున్నవారికి సాఫీ దారిగా పేరున్న పీఈక్యూ పథకాన్ని 2025 నవంబరులో మూసివేశారు. ఆ దారినే నమ్ముకుని ఏళ్ల తరబడి అక్కడ జీవితం కట్టుకున్నవారి పరిస్థితి తలుచుకుంటే బాధ కలుగుతుంది. కాబట్టి ఏ నగరం విషయంలోనైనా, ముందు వెళ్లినవారు చెప్పిన దారి మనం చేరే నాటికి తెరిచే ఉంటుందన్న ధీమా వద్దు. దరఖాస్తు పెట్టే నెలలో ఉన్న నియమమే లెక్క.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే విషయం ఇంకొకటుంది. మాంట్రియల్‌లో సంపాదించిన పని అనుభవం ఫెడరల్ పథకాల్లో చెల్లుతుందా? చెల్లుతుంది, కానీ ఆ దరఖాస్తుదారు క్యూబెక్ బయట నివసించే ఉద్దేశంతో ఉండాలి, ఆ ఉద్దేశం నిజమైనదని అధికారికి నమ్మకం కలగాలి. మాంట్రియల్‌లో ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి అన్నీ ఉంచుకుని కాగితం మీద మాత్రం టొరంటో అని రాస్తే అది అబద్ధపు ప్రకటనగా తేలవచ్చు. పీఆర్ చేతికి వచ్చాక మాత్రం 1982 నాటి హక్కుల చార్టర్‌లోని 6వ సెక్షన్ ప్రకారం దేశంలో ఏ రాష్ట్రానికైనా వెళ్లి ఉండవచ్చు, పనిచేయవచ్చు. పౌరసత్వానికి కావలసిన, ఐదేళ్లలో 1,095 రోజుల నివాసం అన్న లెక్క రెండు నగరాల్లోనూ ఒకటే.

ఫ్రెంచ్ రాకపోతే గడుస్తుందా?

గడుస్తుంది. మాంట్రియల్ ప్రాంతంలో సగానికి పైగా జనం ఆంగ్లం, ఫ్రెంచ్ రెండింటిలోనూ మాట్లాడగలరు. నగర నడిబొడ్డున ఏ దుకాణంలో అడుగు పెట్టినా 'బోంజూర్, హై' అంటూ రెండు భాషల్లో ఒకేసారి పలకరిస్తారు; మీరు ఏ మాటకు బదులిస్తే ఆ భాషలో సంభాషణ సాగుతుంది. దుకాణదారులు 'బోంజూర్' అని మాత్రమే అనాలని కోరుతూ 2017లో క్యూబెక్ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఒక చిన్న పలకరింపు శాసనసభ దాకా వెళ్లిందంటే అక్కడ భాష ఎంత లోతైన విషయమో గ్రహించవచ్చు. ఉత్తర అమెరికా నిండా ఆంగ్లమే వినిపించే చోట తమ భాష మిగలాలన్న తపన అది. అక్కడికి వెళ్లేవారు దాన్ని ఆటంకంగా కాక ఒక జాతి జీవన్మరణ సమస్యగా చూడగలిగితేనే ఆ ఊరితో పొత్తు కుదురుతుంది.

అయితే గడవడం వేరు, ఎదగడం వేరు. సాఫ్ట్‌వేర్, వీడియో గేములు, విశ్వవిద్యాలయ పరిశోధన వంటి రంగాల్లో ఆంగ్లంతోనే ఉద్యోగం దొరకవచ్చు. కానీ బృందాన్ని నడిపే స్థానం, స్థానిక ఖాతాదారులతో వ్యవహారం, ప్రభుత్వ ఉద్యోగం వంటివి ఫ్రెంచ్ లేకుండా అందడం కష్టం. 2022లో వచ్చిన బిల్ 96 అనే చట్టం ఈ పట్టును మరింత బిగించింది. కొత్తగా వచ్చిన వలసదారుతో ప్రభుత్వ శాఖలు మొదటి 6 నెలలు వేరే భాషలో వ్యవహరించవచ్చు. ఆ తర్వాత వైద్యం, ప్రజల భద్రత వంటి కొన్ని మినహాయింపులు తప్ప ఫ్రెంచ్‌లోనే వ్యవహరించాలి. 25 మంది, అంతకు పైబడి ఉద్యోగులున్న సంస్థలు కూడా 2025 జూన్ నుంచి తమ కార్యాలయాల్లో ఫ్రెంచ్ వాడకానికి సంబంధించిన నమోదు ప్రక్రియలోకి వచ్చాయి.

ఇంజనీరు, నర్సు, దంతవైద్యుడు, అకౌంటెంటు వంటి నియంత్రిత వృత్తులవారికి ఇది మరీ ముఖ్యం. క్యూబెక్‌లో 46 వృత్తి సంఘాలున్నాయి. వాటి నుంచి శాశ్వత అనుమతి పొందాలంటే ఆ వృత్తికి తగినంత ఫ్రెంచ్ వచ్చునని చూపించాలి. ఒంటారియోలో భాష ఆంగ్లమే గనుక ఆ మెట్టు ఉండదు. పైగా ఇంజనీర్ల అనుమతికి కెనడాలో చేసిన పని అనుభవం తప్పనిసరి అన్న షరతును ఒంటారియో ఇంజనీర్ల సంస్థ 2023లో తొలగించింది. వైద్యుడికో నర్సుకో ఈ ఒక్క అంశం మిగిలిన పట్టిక మొత్తాన్నీ తలకిందులు చేయగలదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది పిల్లల బడి. క్యూబెక్‌లో ప్రభుత్వ బడుల్లోనూ ప్రభుత్వ సాయం అందుకునే ప్రైవేటు బడుల్లోనూ వలసదారుల పిల్లలు ఫ్రెంచ్‌లోనే చదవాలి. ఆంగ్ల బడికి అర్హత రావాలంటే, సాధారణంగా, తల్లిదండ్రుల్లో ఒకరు కెనడా పౌరులై, ప్రాథమిక విద్యలో ఎక్కువ భాగం కెనడాలోనే ఆంగ్లంలో చదివి ఉండాలి. ప్రపంచంలో మరెక్కడ ఆంగ్ల మాధ్యమంలో చదివినా లెక్కకు రాదు. స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ల మీద తాత్కాలికంగా వచ్చినవారి పిల్లలకు మినహాయింపు ఉంది గానీ, 2022 చట్టం దాన్ని మూడేళ్లకు పరిమితం చేసింది. సర్కారు సాయం లేని ప్రైవేటు ఆంగ్ల బడులు ఉన్నాయి, వాటి రుసుము మొత్తం తల్లిదండ్రులదే.

ఐదేళ్ల పాప విషయంలో ఇది కష్టం కాదు, వరమని నా ఉద్దేశం. ఆ వయసులో భాష ఆటలాగా వచ్చేస్తుంది. కొన్నేళ్లలో ఆ పాప రెండు భాషల్లోనూ తడబడకుండా మాట్లాడుతుంది. అదే పద్నాలుగేళ్ల పిల్లవాడికైతే సంగతి వేరు. గణితం, విజ్ఞానం, చరిత్ర అన్నీ రాని భాషలో, చదువులో కీలకమైన సంవత్సరాల్లో నేర్చుకోవాలి. దానికి తోడు క్యూబెక్‌లో హైస్కూలు 11వ తరగతితో ముగుస్తుంది. ఆ పైన సీజెప్ అనే రెండేళ్ల కళాశాల, తర్వాతే విశ్వవిద్యాలయం. ఒంటారియోలో 12వ తరగతి దాకా బడి, అక్కడినుంచి నేరుగా విశ్వవిద్యాలయం. నడిమధ్యలో రాష్ట్రం మారిన పిల్లలకు ఈ రెండు నిచ్చెనల మెట్లు ఒకదానితో ఒకటి సరిపోవు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించేటప్పుడు పెద్దవాళ్ల జీతం కంటే ముందు పిల్లల వయసు రాసుకోవాలని చెప్పేది ఇందుకే.

ఇల్లు, అద్దె, జూలై 1

మాంట్రియల్‌లో ఇంటి ప్రకటన మొదటిసారి చూసినవారికి అందులోని అంకె అర్థం కాదు. '4½' అని ఉంటుంది. అక్కడివారు దాన్ని 'క్యాట్ర్ ఎ దెమీ' అంటారు. నాలుగున్నర గదులు! ఆ సగం స్నానాల గది. మిగిలిన నాలుగింటిలో వంటగది, కూర్చునే గది, రెండు పడకగదులు. 3½ అంటే ఒక పడకగది ఇల్లు. టొరంటోలో ఇదే ఇంటిని పడకగదుల లెక్కన చెబుతారు. కాబట్టి మాంట్రియల్‌లోని 3½ ధరను టొరంటోలో మూడు పడకగదుల ఇంటి ధరతో పోల్చి సంబరపడితే లెక్క మొదట్లోనే తప్పినట్టు.

రెండు రాష్ట్రాలూ అద్దెదారును కాపాడతాయి గానీ, ఆ రక్షణ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో తెలియకపోతే అది మనకు అందదు. ఒంటారియోలో ప్రభుత్వం ఏటా ఒక పెంపు పరిమితిని ప్రకటిస్తుంది. 2025కి అది 2.5 శాతం. కానీ 2018 నవంబరు 15 తర్వాత మొదటిసారి నివాసానికి వాడిన ఇళ్లకు ఆ పరిమితి వర్తించదు. టొరంటోలో మెరిసిపోతున్న కొత్త కాండో (ఫ్లాట్ల) భవనాలు చాలావరకు ఈ తేదీకి ఇవతల కట్టినవే. మొదటి ఏడాది అద్దె బాగానే ఉందని చేరినవారికి రెండో ఏడాది ఎంత పెంచుతారన్నది యజమాని ఇష్టం. అందుకే టొరంటోలో ఇల్లు చూసేటప్పుడు ఈత కొలను, వ్యాయామశాల గురించి అడిగే ముందు ఆ ఇంట్లో మొదటిసారి ఎవరైనా ఎప్పుడు కాపురం పెట్టారో అడగాలి. ఇంకో సంగతి, ఒక అద్దెదారు ఖాళీ చేసి వెళ్లాక కొత్తవారికి ఎంతకు ఇవ్వాలన్నదానిపై ఒంటారియోలో హద్దు లేదు.

క్యూబెక్ పద్ధతి వేరు. అక్కడ అద్దె వివాదాలను చూసే ట్రిబ్యునల్ నిర్ణయించిన లీజు పత్రమే వాడాలి. దాని 'జీ' భాగంలో, గడచిన 12 నెలల్లో ఆ ఇంటికి ఎవరైనా చెల్లించిన అతి తక్కువ అద్దె ఎంతో యజమాని రాయాలి. కొత్త అద్దె దానికంటే ఎక్కువైతే, సంతకం చేసిన 10 రోజుల్లోపు అద్దె నిర్ణయించమని ట్రిబ్యునల్‌ను కోరే హక్కు కొత్త అద్దెదారుకు ఉంది. ఆ గడి ఖాళీగా ఉంటే సంతకానికి ముందే అడగాలి. కొత్తగా కట్టిన భవనాలకు ఐదేళ్లపాటు ఈ నియంత్రణ నుంచి మినహాయింపు ఉంటుంది. ఆ సంగతి 'ఎఫ్' భాగంలో రాసి ఉండాలి. ఇక అడ్వాన్సు సంగతి. ఒంటారియోలో యజమాని గరిష్ఠంగా ఒక నెల అద్దెను డిపాజిట్‌గా తీసుకోవచ్చు, అదీ చివరి నెల అద్దె కిందే జమ కావాలి. ఇంటికి నష్టం జరిగితే అంటూ వేరే డిపాజిట్ అడగడం చట్టవిరుద్ధం. క్యూబెక్‌లోనైతే మొదటి నెల అద్దె తప్ప ఏ డిపాజిట్టూ అడగరాదు. కొత్తగా దిగినవారికి ఈ విషయం తెలియదని పసిగట్టి అడిగేవారు రెండు చోట్లా ఉన్నారు.

క్యూబెక్‌లో ఎక్కువ లీజులు జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తాయి. దేశమంతా కెనడా దినోత్సవం జరుపుకునే రోజున మాంట్రియల్ ఇళ్లు మారుతుంది. వీధి మలుపు మలుపునా పరుపులు, సోఫాలు, పుస్తకాల అరలు. ఆ ఊరి పాత ఇళ్లకు బయటివైపు ఉండే వంపు తిరిగిన ఇనుప మెట్ల మీదుగా ఇద్దరు మనుషులు ఒక ఫ్రిజ్‌ను ఒక్కో మెట్టూ దించుతూ కనిపిస్తారు. ఈ క్యాలెండరు తెలియకుండా సెప్టెంబరులో దిగే విద్యార్థికి ఎంపిక తక్కువ, బేరానికి బలం అంతకన్నా తక్కువ. ఏడాది లీజులో అద్దె పెంపు నోటీసును గడువుకు 3 నుంచి 6 నెలల ముందు ఇవ్వాలి గనుక, ఎవరు ఉంటారో ఎవరు వెళతారో వసంతం నాటికి తేలిపోతుంది. మంచి ఇళ్లు ఆ నెలల్లోనే ప్రకటనల్లోకి వస్తాయి.

జీతం పత్రంలో వరుసలు

పన్నుల పట్టిక చూస్తే క్యూబెక్ భయపెడుతుంది. రాష్ట్ర ఆదాయపు పన్ను అక్కడ 14 శాతంతో మొదలై 25.75 శాతం దాకా వెళుతుంది, ఒంటారియోలో 5.05 నుంచి 13.16 శాతం. ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూపించేవారు రెండు సంగతులు చెప్పరు. క్యూబెక్ నివాసులకు ఫెడరల్ పన్నులో 16.5 శాతం తగ్గింపు ఉంది. ఒంటారియోలో ఎక్కువ సంపాదించేవారిపై పన్ను మీద పన్నుగా సర్‌టాక్స్ ఉంది. రెండూ కలిపి చూస్తే అత్యధిక ఆదాయంపై పడే మొత్తం రేటు ఒంటారియోలో 53.53 శాతం, క్యూబెక్‌లో 53.31 శాతం. అంటే పైమెట్టున తేడా లేనట్టే. తేడా తగిలేది మధ్యతరగతి జీతాలకు. కొత్తగా వచ్చి నిలదొక్కుకుంటున్నవారిలో ఎక్కువమంది ఉండేది అక్కడే. కొనుగోళ్ల మీద పన్ను ఒంటారియోలో 13 శాతం, క్యూబెక్‌లో రెండు పన్నులూ కలిపి 14.975 శాతం. క్యూబెక్‌లో ఏటా రెండు రిటర్నులు దాఖలు చేయాలి, ఒకటి ఒటావాలోని ఫెడరల్ ప్రభుత్వానికి, ఒకటి క్యూబెక్‌కు.

అయితే మాంట్రియల్ జీతం పత్రంలో కోతల వరుసలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి అది నష్టమని తేల్చేయడం తొందరపాటు. వాటిలో ఒకటి 2006 నుంచి నడుస్తున్న రాష్ట్ర తల్లిదండ్రుల బీమా. బిడ్డ పుట్టినప్పుడు ఫెడరల్ ఉపాధి బీమా, పరిమితికి లోబడి, జీతంలో 55 శాతం ఇస్తుంది, దానికి 600 గంటల పని ఉండాలి. క్యూబెక్ పథకం మొదటి వారాల్లో 70 శాతం ఇస్తుంది, 2,000 డాలర్ల ఆదాయం ఉంటే చాలు. శిశు సంరక్షణ కేంద్రాల విషయానికొస్తే, క్యూబెక్ 1997లోనే రోజుకు 5 డాలర్ల పథకం మొదలుపెట్టింది. 2025లో ఆ రుసుము 9.35 డాలర్లు. ఒంటారియో 2022లో ఫెడరల్ పథకంలో చేరింది. 2025 నుంచి అక్కడి గరిష్ఠం రోజుకు 22 డాలర్లు. 2025 రుసుములతో, నెలకు 21 రోజుల లెక్కన ఇద్దరు పసిపిల్లలున్న ఇంటికి తేడా 530 డాలర్లు దాటింది. పన్నులో పోయింది చాలావరకు ఇక్కడ తిరిగి వస్తుంది. పిల్లలు లేని జంటకు రాదు. పథకంలో ఉన్న కేంద్రంలో చోటు దొరకడం రెండు ఊళ్లలోనూ కష్టమే కాబట్టి, వరుసలో పేరు ఎంత తొందరగా రాయిస్తే అంత మంచిది.

ఆరోగ్య కార్డు విషయంలో మొదటి మూడు నెలల తేడా గుర్తుంచుకోవాలి. ఒంటారియో 2020 మార్చిలో నిరీక్షణ కాలాన్ని ఎత్తివేసింది, అర్హత ఉన్నవారికి వెంటనే వర్తిస్తుంది. క్యూబెక్‌లో కొత్తగా వచ్చినవారికి మూడు నెలల వరకు నిరీక్షణ ఉండవచ్చు; ఆ వ్యవధికి ప్రైవేటు బీమా కొనుక్కోకపోతే ఒక్క ఆసుపత్రి బిల్లు పొదుపంతా తినేయగలదు. మరోవైపు, క్యూబెక్‌లో ఉండే ప్రతి ఒక్కరికీ మందుల బీమా తప్పనిసరి. ఉద్యోగం ద్వారా లేనివారిని ప్రభుత్వ పథకమే చేర్చుకుంటుంది. ఒంటారియోలో అలాంటి సార్వత్రిక ఏర్పాటు లేదు.

ఉద్యోగాల విషయంలో నగరాన్ని కాక రంగాన్ని చూడాలి. బ్యాంకులు, బీమా, స్టాక్ మార్కెట్, న్యాయ సంస్థలు, పెద్ద కంపెనీల కార్యాలయాలు టొరంటోలో గుమిగూడి ఉన్నాయి. విమాన నిర్మాణమైతే మాంట్రియల్‌దే పైచేయి: బొంబార్డియర్, సీఏఈ, లాంగ్యూయిల్‌లోని ప్రాట్ అండ్ విట్నీ కెనడా అన్నీ ఆ చుట్టుపక్కలే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రధాన కార్యాలయం కూడా అక్కడే ఉంది. 1997లో యూబీసాఫ్ట్ అడుగుపెట్టిన తర్వాత వీడియో గేముల పరిశ్రమ ఆ ఊరిలో వేళ్లూనుకుంది. కృత్రిమ మేధలో రెండూ సమ ఉజ్జీలు: జెఫ్రీ హింటన్ టొరంటోలో, యోషువా బెంజియో మాంట్రియల్‌లో పనిచేశారు, కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారాన్ని 2018కి అందుకున్న ముగ్గురిలో ఇద్దరు వారే.

చలి గురించి అందరూ ఎక్కువగా అడుగుతారు గానీ నిర్ణయాన్ని మార్చేంత తేడా అందులో లేదు. జనవరిలో సగటు ఉష్ణోగ్రత మాంట్రియల్‌లో సున్నాకు దిగువన సుమారు 10 డిగ్రీలు, ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న టొరంటోలో సున్నాకు దిగువన 4 డిగ్రీలకు అటూఇటూ. మాంట్రియల్‌లో ఏటా రెండు మీటర్ల మంచు కురుస్తుంది. దాన్ని లారీలకెత్తి తరలించే రాత్రి, కార్లు తీయమని హెచ్చరించే సైరన్ వీధంతా మోగుతుంది. డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు శీతాకాలపు టైర్లు అక్కడ చట్టప్రకారం తప్పనిసరి. కారు లేకుండా బతకాలనుకునేవారికి మాంట్రియల్ కొంత సుఖమని నా అంచనా. 1966లో మొదలైన అక్కడి మెట్రో పూర్తిగా భూగర్భంలోనే నడుస్తుంది, నగర నడిభాగంలో ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. టొరంటో మెట్రో 1954 నాటిది, కెనడాలో మొదటిది. కానీ ఊరు విస్తరించిన వేగాన్ని అది అందుకోలేకపోయింది. అద్దె తగ్గుతుందని శివారుకు వెళితే కారు, దాని బీమా, రోజూ రెండు మూడు గంటల ప్రయాణం ఆ తగ్గిన డబ్బును మింగేస్తాయి.

నిర్ణయం మార్చుకోవలసి వస్తే

ఎంపిక తప్పైతే ఏమవుతుందన్న ప్రశ్న వేసుకునేవారు తక్కువ. అద్దె ఇల్లు మారవచ్చు, ఉద్యోగం మారవచ్చు. పన్ను ఏడాది చివరి రోజున ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు లెక్కే వర్తిస్తుంది కాబట్టి అదీ సర్దుకుంటుంది. తిరిగి రానివి రెండు: పీఆర్ దరఖాస్తులో గడిచిన కాలం, పిల్లల చదువులో తెగిన కొనసాగింపు. అందువల్ల పిల్లలు చిన్నవాళ్లై, రంగం విమాన నిర్మాణమో గేములో అయి, ఫ్రెంచ్ నేర్చుకోవాలన్న కోరిక నిజంగా ఉన్న జంటకు నేను మాంట్రియల్‌నే చెబుతాను. హైస్కూలు వయసు పిల్లలున్న కుటుంబానికి, ఆంగ్లం మీదే ఆధారపడిన వృత్తివారికి అద్దె భారమైనా టొరంటో మేలు. ఒంటరిగా చదువుకు వెళ్లే విద్యార్థి విషయంలో మాత్రం సూటిగా చెప్పలేను. చదువు అయ్యాక ఏ పథకంలో దరఖాస్తు పెడతారన్నదాని మీదే అంతా ఉంది.

ఎటూ తేల్చుకోలేనివారికి ఒక దారి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఫెడరల్ ప్రభుత్వం 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ వచ్చినవారికి ప్రత్యేక విడతలు నడుపుతోంది. వాటిలో అవసరమైన మార్కులు సాధారణ విడతల కంటే బాగా తక్కువగా ఉంటూ వచ్చాయి. ఆ విడతలు క్యూబెక్ బయట స్థిరపడేవారికే. అంటే మాంట్రియల్ కోసం నేర్చుకున్న ఫ్రెంచ్ టొరంటో తలుపు కూడా తీయగలదు. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం అనే నాలుగు నైపుణ్యాల్లోనూ కెనడా ఫ్రెంచ్ కొలమానంలో 7వ స్థాయి చేరాలి; ఏమీ రానివారు శ్రద్ధగా చదివితే ఏడాదికి పైగానే పడుతుంది. టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా పరీక్షల ఫలితాలను రెండు ప్రభుత్వాలూ అంగీకరిస్తాయి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఆ ఫలితం రెండేళ్లు చెల్లుతుంది, దరఖాస్తు సమర్పించే రోజున కూడా చెల్లుబాటులో ఉండాలి. కాబట్టి చదువు ఈ ఏడాదే మొదలుపెట్టినా, పరీక్ష తేదీని మాత్రం దరఖాస్తు పెట్టే నెలకు దగ్గరగా ఉంచుకోవాలి.